కూల్‌డ్రింక్ యాడ్స్ కుర్రాళ్ల మీద అంతగా ఎలా పనిచేస్తాయి?

యాడ్‌లో డ్రింకు గురించి చెప్పేది తక్కువ. మహేష్‌బాబు థమ్సప్ యాడ్‌లే చూడండి, అంతా సాహసమే, చివర్లో సీసా ఎత్తి ఓ గుక్క. పదమూడేళ్ల వాడికి తీపి కంటే ఆ తెగువే గుర్తుండిపోతుంది. క్రికెట్ మ్యాచ్ మధ్యలో పదేపదే అదే చూశాక, కిరాణా కొట్టు ఫ్రిజ్ ముందు చెయ్యి దానంతటదే ఆ సీసా మీదికి పోతుంది. 250 మి.లీ. కోలాలో చక్కెర దాదాపు ఆరు టీస్పూన్లు, అంటే ఇంచుమించు 25 గ్రాములు. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ ముక్క యాడ్‌లో ఎవరంటారు? 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్ మాత్రం కోలా యాడ్ చేయనన్నారు. తను తాగనిది పిల్లలకు అంటగట్టడం ఆయనకు నచ్చలేదు. అలా డబ్బు వదులుకునేవాళ్లు అరుదు లెండి.