తాగుడు మానిన మనిషికి ఏం పెట్టాలి?

ప్రశ్న: మా ఆయన పన్నెండేళ్లుగా సారా తాగేవారు. వయసు 44, బరువు 50 కిలోలు. ఆసుపత్రిలో ఉంచి మాన్పించారు. ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. పొద్దున్న తీపి టీ తప్ప ఏదీ ముట్టరు, సాయంత్రమైతే చిరాకు. బలం రావాలంటే రోజుకు మూడుసార్లు గ్లూకోజు కలిపి ఇమ్మంటున్నారు చుట్టాలు. లివరు పాడైంది కనుక గుడ్డు, పప్పు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఇల్లాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ గ్లూకోజు డబ్బా పక్కన పెట్టండి. ఒంట్లో చక్కెర శక్తిగా మారాలంటే బి1 విటమిన్, అంటే థయమిన్, కావాలి. బాగా తినే మనిషిలోనే దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. ఏళ్ల తరబడి తాగినవారు సరిగా తినరు, తిన్నదాంట్లోని బి1ని కూడా పేగు సరిగా పీల్చుకోదు. ఆ మిగిలిన కాస్తా గ్లూకోజుకే ఖర్చయిపోతే దెబ్బ మెదడుకు తగులుతుంది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించే ముందే బి1 ఇంజెక్షన్ ఇచ్చేది ఇందుకే. డిశ్చార్జి కాగితంలో బి1 మాత్ర రాశారేమో చూడండి. రాస్తే ఒక్క రోజూ తప్పించొద్దు, రాయకపోతే వెళ్లి అడగండి. నడక తూలినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తికమకగా ఉన్నా నీరసం అనుకోకండి. అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

ఇంట్లో బి1 ఎక్కువగా పోయేది బియ్యం దగ్గర. కడుగు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు నీళ్లు మార్చి, ఆపైన గంజి వార్చేస్తే ఉన్నది కూడా పెరట్లోకి పోతుంది. మీ వైపు సులువుగా దొరికే ఉప్పుడు బియ్యం వాడండి. వడ్లు ఉడికేటప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది, మిల్లు పట్టినా కొంత మిగులుతుంది. ఒక్క నీరు కడిగి, గంజి వార్చకుండా ఎసరు ఇగిరేలా వండండి. టీ కూడా బి1కి అడ్డే, రోజుకు రెండు కప్పులకు దించండి, అదీ తిన్న గంట తర్వాతే.

గుడ్డు, పప్పు మానొద్దు. కరిగిపోయిన కండ తిరిగి రావాలన్నా, లివరు కోలుకోవాలన్నా మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల లెక్కన మీవారికి 60 నుంచి 75 గ్రాములు. దీనికి ఖరీదైన ప్రొటీన్ పొడి డబ్బాలు అక్కర్లేదు. రెండు గుడ్లలో 12 గ్రాములు, 60 గ్రాముల పచ్చి పప్పులో 14, రెండు గ్లాసుల పాలలో 13, గుప్పెడు వేరుశెనగల్లో 7, రోజు మొత్తం మీద వండే బియ్యం, చోడిపిండి (రాగిపిండి) కలిపి 300 గ్రాముల్లో దాదాపు 20. అంతా కలిస్తే 66.

ఇదంతా మూడు పూటల్లో పెడితే తినలేరు. ఆరుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పొద్దున్న ఏడింటికి అన్నం అంటే వికారం వస్తుంది. నాలుగు చెంచాల చోడిపిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, కాచి, పాలు పోసి ఇవ్వండి. పది గంటలకు ఒక గుడ్డు. అసలు మెలకువగా ఉండాల్సింది సాయంత్రం. ఆయన సారా దుకాణానికి వెళ్లే వేళ ఆరైతే, ఐదున్నరకే ఉడికించిన శనగలు, ఉల్లిపాయ, నిమ్మరసం ప్లేటు చేతికి రావాలి. ఆకలి, తాగాలన్న కోరిక రెండూ ఆ వేళ ఒకలాగే ఉంటాయి. కడుపు నిండితే చాలాసార్లు రెండోది మెత్తబడుతుంది. పడుకునే ముందు గ్లాసు పాలు, అరటిపండు తప్పనిసరి. దెబ్బతిన్న లివరు రాత్రికి సరిపడా చక్కెర దాచలేదు, కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. ఉపవాసాలు కొన్నాళ్లు వద్దు.

కాళ్లు, పొట్ట ఉబ్బి ఉంటే రోజంతా కలిపి ఉప్పు ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఊరగాయ, ఎండుచేప కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇది చదివే మిగతావారికి ఒక మాట. రోజూ తాగే మనిషిని ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండో మూడో రోజున లేనివి కనిపించి ఒణుకుతూ కేకలు పెట్టవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అక్కడ తిండి ఏమీ చేయలేదు. అలాగే ఐదారు రోజులు తిండి లేకుండా తాగినవారికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. మొదటి మెతుకులు డాక్టరు చూస్తుండగానే పెట్టాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు వదిలించే జాతీయ ఉచిత నంబరు 14446కు ఫోన్ చేయండి.

ప్రశ్న: అన్నయ్యకు తెలియకుండా కూరలో కలపమని ఒకరు పొడి ఇచ్చారు. కలపనా? బలానికి ద్రాక్షారిష్టం కూడా పట్టిద్దామనుకుంటున్నాం.
– గుణుపురం

జవాబు: కలపొద్దు. ఇలాంటి పొడుల్లో ఏముందో మనకు తెలియదు. అది తాగుడు మాన్పించే మందు డైసల్ఫిరామ్ అయితే, తెలియక తాగిన మనిషికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. చనిపోయే ప్రమాదం కూడా ఉంది. గుండె, లివరు పరీక్షించి, మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే డాక్టరు ఇచ్చే మందు అది. ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. నమ్మి తినే అన్నంలో ఇలాంటిది దొరికితే, రేపు మీ చేతి ముద్ద కూడా ముట్టరు.

ద్రాక్షారిష్టం కూడా వద్దు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సారాయం పుడుతుంది. సీసా మీద శాతం రాసే ఉంటుంది, చూడండి. కొన్ని దగ్గు మందుల్లోనూ అంతే.

ప్రశ్న: అమ్మ ఇరవై ఏళ్లుగా పళ్లకు రాసుకుంటున్న గుడాఖు (పొగాకు ముద్ద) మానేసింది. మలబద్ధకం, నోటికి రుచి లేదు. మళ్లీ పెట్టుకుంటానంటోంది.
– రాయగడ

జవాబు: నికోటిన్ పేగును కదిలిస్తుంది, మానితే కొన్ని వారాలు మందగిస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చటి నీళ్లు, మధ్యాహ్నం కూర పాళ్లు అన్నంతో సమానంగా, ఒక జామపండు. సరిపోకపోతే రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో అడ్డుపడుతుంది. పళ్లకు రాసుకునే అలవాటు వేళకు వేపపుల్లో, వేయించిన వామో ఇవ్వండి. డాక్టరు నికోటిన్ గమ్ ఇస్తే, నమిలే ముందు పావుగంట, నమిలేటప్పుడు కాఫీ, నిమ్మరసం వద్దు. ఆ పులుపుకు మందు ఒంటికి పట్టదు.

ప్రశ్న: తాగుడు మానిన మనిషి పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తినొచ్చా?
– పర్లాకిమిడి

జవాబు: ఒక్క రాత్రి నానింది, గంజి వార్చకుండా వండిన అన్నంతో చేసింది అయితే తినొచ్చు. పైనీళ్లు పారబోయకండి, కరిగిన బి1 అందులోనే ఉంటుంది. రెండో రోజుకు ఎండలో పులిసి ఘాటెక్కిన కుండ మాత్రం పెట్టొద్దు. డైసల్ఫిరామ్ వాడేవారికి అసలే వద్దు. మందు వాడకపోయినా ఆ వాసన పాత రోజులను గుర్తుచేస్తే, అదే అన్నంలో అప్పుడే తోడుకున్న పెరుగు కలిపి, పక్కన వేయించిన వడియం పెట్టండి.