ఎక్కువ రోజులు ఎక్కడుంటే అక్కడే అప్లై చేయాలి

ప్రశ్న: మేడమ్, అమ్మానాన్నల్ని తీసుకుని పారిస్ నాలుగు రోజులు, స్విట్జర్లాండ్ ఆరు రోజులు వెళ్దామనుకుంటున్నాం. ఫ్రాన్స్ వీసా స్లాట్ తొందరగా దొరుకుతోంది, అందులో పెట్టేద్దాం అంటున్నాడు మా ఏజెంట్. పెట్టొచ్చా? ఒక్కో కాన్సులేట్‌ది ఒక్కో రూలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా, ఏజెంట్ మాట వినకండి. ఎక్కువ రోజులుండేది స్విట్జర్లాండ్‌లో కాబట్టి అప్లికేషన్ అక్కడికే వెళ్ళాలి, రోజులు సమానమైతేనే ముందు దిగే దేశం చూస్తారు. స్లాట్ కోసం ఫ్రాన్స్‌కి ఉత్తుత్తి హోటల్ బుకింగులు పెట్టారనుకోండి, రిజెక్ట్ అయితే ఆ సంగతి వీఐఎస్ అనే కామన్ డేటాబేస్‌లో పడుతుంది, తర్వాత ఏ షెంజెన్ దేశానికి (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో దేనికైనా) పెట్టినా వాళ్ళకి కనిపిస్తుంది, పెద్దవాళ్ళతో వెళ్తూ ఆ రిస్క్ ఎందుకు చెప్పండి.

రూల్ అందరికీ ఒకటే, 2009 నాటి వీసా కోడ్ అనే ఉమ్మడి చట్టం. దాని ప్రకారం ఇక్కడున్న షెంజెన్ కాన్సులేట్లు అప్పుడప్పుడు కూర్చుని ఏ పేపర్లు అడగాలి, దొంగ డాక్యుమెంట్లు ఎలా వస్తున్నాయి అని మాట్లాడుకుంటాయి, అందుకే లిస్టులు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫీజు అడల్ట్స్‌కి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. కానీ నిర్ణయం మాత్రం ఏ కాన్సులేట్‌ది ఆ కాన్సులేట్‌దే, స్లాట్ల రద్దీ కూడా అంతే. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి ఇప్పుడే స్విస్ స్లాట్ చూడండి.

ఇంకోటి, 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్ళకి మూడేళ్ళలో రెండు వీసాలు సరిగ్గా వాడుకుంటే రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా, అంటే పలుమార్లు వెళ్ళిరాగలిగేది, వచ్చే అవకాశం ఉంది, అందుకే మొదటిదే శుభ్రంగా ఉండాలంటున్నా.