అయిదూళ్ళ పొడి చెత్త, ఒక్క లారీ లోడు

(పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు)

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస మండలంలోని ఒక పంచాయతీ. నేను వార్డు సభ్యురాలిని. మా ఊరిలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం షెడ్డు ఉంది, ఇంటింటా చెత్త సేకరించే గ్రీన్ అంబాసిడర్లు ఇద్దరు పనిచేస్తున్నారు. కానీ ఏరి పోగుచేసిన ప్లాస్టిక్‌ను కొనేవారు లేరు. పాత సామాన్ల వ్యాపారి వచ్చినా అట్టపెట్టెలు, ఇనుము తీసుకుని మిగిలినది వదిలేసి వెళ్ళిపోతున్నాడు. చుట్టుపక్కల నాలుగు పంచాయతీలతో కలిసి సమాఖ్యగా ఏర్పడితే ప్రయోజనం ఉంటుందా? ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం: ప్రయోజనం ఉంటుందండీ. అయితే అది ర్యాలీల వల్ల, ఫ్లెక్సీల వల్ల రాదు, తూకం వల్ల వస్తుంది. ప్లాస్టిక్ బరువు తక్కువ, అది ఆక్రమించే చోటు ఎక్కువ. ట్రాక్టరు తొట్టి నిండా ఖాళీ సీసాలు పోసినా కాటా మీద పెట్టేసరికి బండి కిరాయికి కూడా చాలని బరువు తేలుతుంది. మీ వ్యాపారి అట్టపెట్టెలు, ఇనుము మాత్రమే తీసుకుపోవడానికి కారణం అతని మొండితనం కాదు, ఈ లెక్కే. ఒక ఇంటి నుంచి వారానికి అర కిలో పొడి చెత్త వస్తుందనుకుందాం. నాలుగు వందల గడపలున్న ఊరిలో నెలకు 800 కిలోలు పోగవుతుంది, అలాంటి ఊళ్ళు అయిదు కలిస్తే 4 టన్నులవుతుంది. దానిని యంత్రంతో నొక్కి బేళ్ళు కడితే, రీసైక్లింగ్ చేసేవారే లారీ పంపడానికి ముందుకు వస్తారు. గోగునారను బేళ్ళు కట్టి జూట్ మిల్లులకు పంపడం ఎరిగిన మన ప్రాంతం వారికి ఈ కిటుకు విడమరిచి చెప్పనవసరం లేదు. ఒక్క పంచాయతీ బేళ్ళ యంత్రాన్ని కొంటే అది నెలలో చాలా రోజులు ఖాళీగా ఉంటుంది, అయిదు పంచాయతీలు కలిసి కొంటే దానికి చేతినిండా పని ఉంటుంది.

నేను వేసిన లెక్క ఊహ మాత్రమే కనుక, ముందుగా పదిహేను రోజులపాటు అయిదు షెడ్లలోనూ రకాలవారీగా తూచి పుస్తకంలో రాయించండి. మీ మిగిలిన నిర్ణయాలన్నీ ఆ పుస్తకం మీదే ఆధారపడతాయి.

కలిపి చేయవలసినది పొడి చెత్త పని మాత్రమే. తడి చెత్తను ఊరు దాటించడం డబ్బు దండగ, దుర్వాసన అదనం. కూరగాయల తుక్కు, అన్నం, పూలు, ఆకులు ఏ ఊరివి ఆ ఊరి షెడ్డులోనే వానపాముల ఎరువుగా మారాలి. ఈ పనిలో బొబ్బిలి పురపాలక సంఘానికి చాలాకాలంగా పేరుంది. మీ గ్రీన్ అంబాసిడర్లను ఒక పూట అక్కడికి తీసుకువెళ్ళి చూపించండి, వారికి పది శిక్షణ తరగతుల కన్నా అది మేలు.

సమాఖ్య రూపం విషయంలో నా అభిప్రాయం ఇది. సర్పంచుల ఒప్పందం మీద మాత్రమే నిలబడితే, ఎన్నికల తరువాత కొత్తగా వచ్చినవారు దానిని కొనసాగిస్తారన్న భరోసా ఉండదు. అయిదు పంచాయతీల తీర్మానాలు తీసుకుంటూనే, సేకరణ, అమ్మకం, లెక్కలు పొదుపు సంఘాల మహిళల చేతిలో ఉండేలా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయించుకోవడం మంచిది. కేరళలో హరిత కర్మ సేన మహిళలు ఇంటింటా పొడి చెత్త తీసుకుంటారు, 2013లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ క్లీన్ కేరళ కంపెనీ దానిని తీసుకుని అమ్మకం చూస్తుంది. అక్కడి గ్రామాలలో ఇంటికి నెలకు 50 రూపాయల రుసుము ఉంది. మన రాష్ట్రంలో పట్టణాల చెత్త పన్నును ప్రభుత్వం 2024లో రద్దు చేసింది కనుక రుసుము అనే మాట వినగానే జనం ముఖం తిప్పుకోవచ్చు. మొదటి ఆరు నెలల అమ్మకాల లెక్కను గ్రామసభలో చదివి వినిపించిన తరువాతనే ఆ ప్రస్తావన తెండి.

మీ పాత సామాన్ల వ్యాపారిని, చెత్త ఏరుకుని బతికేవారిని బయటకు నెట్టకండి. ఏ సరుకు ఎక్కడ అమ్ముడుపోతుందో వారికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. ప్లాస్టిక్ అంతా ఒకటే అనుకుని ఒకే సంచిలో వేస్తున్నాం. పాల ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు కూడా రీసైకిల్ అవుతాయా?

సమాధానం: సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకెను చూడండి. 1 అంటే నీళ్ళ సీసాల పెట్ ప్లాస్టిక్. అది దారంగా మారి బట్టలలోకి కూడా వెళ్తుంది. 2 అంకె షాంపూ డబ్బాల వంటి వాటిది, 5 అంకె గట్టి డబ్బాలు, మూతల వంటి వాటిది, ఈ రెండింటికీ గిరాకీ ఉంది. పాల ప్యాకెట్లు 4వ రకం. కడిగి ఆరబెడితే ఇవీ అమ్ముడవుతాయి, పాలు అంటుకున్న ప్యాకెట్టు ఒక్కటి ఉన్నా సంచి అంతా కంపు కొడుతుంది. మూల కోసేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా వేరు చేయకండి, అది ఎవరి చేతికీ దొరకక నేరుగా కాలువలోకి పోతుంది.

చిప్స్ ప్యాకెట్లు వేరే సంగతి. ప్లాస్టిక్ పొరలు, సన్నని అల్యూమినియం పూత కలిసి అతుక్కుని ఉండడం వల్ల వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. సాధారణంగా వాటికి మిగిలే దారి సిమెంటు కర్మాగారాల బట్టీలలో బొగ్గుతోపాటు ఇంధనంగా మండడమే. ఇలాంటి ప్యాకింగుతో సరుకు అమ్మే కంపెనీలే ఆ ప్లాస్టిక్ సేకరణకు బాధ్యత వహించాలని కేంద్రం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పై ప్రశ్నలోని సమాఖ్య వంటివి తూకం రశీదులు సక్రమంగా దాచుకుంటే, ఈ బాధ్యత కింద పనిచేసే నమోదైన రీసైక్లర్లతో బేరమాడే వీలు కలుగుతుంది.

ప్రశ్న: పలాస నుంచి రాస్తున్నాను. మా వీధిలో ఆకులతోపాటు కవర్లు కూడా కాల్చేస్తున్నారు. కాల్చితే తప్పా?

సమాధానం: తప్పే. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను ఆరుబయట కాల్చడాన్ని నిషేధించాయి. పీవీసీ వంటి ప్లాస్టిక్‌ను తక్కువ వేడిలో కాల్చితే డయాక్సిన్లనే విష పదార్థాలు వెలువడతాయి. ఆకులను గోతిలో వేస్తే ఎరువవుతాయి.

ప్రశ్న: శ్రీకాకుళంలో వచ్చే నెల మా చెల్లి పెళ్ళి. ప్లాస్టిక్ పళ్ళేలు వద్దనుకుని అడ్డాకు విస్తర్లు తెప్పిస్తున్నాం. ఇంకేం చేయాలి?

సమాధానం: మీ ఆలోచన మంచిదే. కానీ విస్తరిని తిరగేసి చూసి మరీ కొనండి. సీతంపేట ఏజెన్సీలో పుల్లలతో కుట్టిన విస్తరి మట్టిలో కలిసిపోతుంది. మిషను మీద వేడితో నొక్కిన విస్తర్లు కొన్నింటికి వెనుక ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది ఎరువు గుంతలోనూ పనికిరాదు, రీసైక్లింగ్‌కూ పనికిరాదు. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి కనుక వంటవారికీ, డెకరేషన్ వారికీ బయానా ఇచ్చే రోజునే ఈ మాట స్పష్టం చేయండి. లైసెన్సు ఉన్న వేదిక కాని చోట వందమందికి మించి జనం చేరితే, మూడు పనిదినాల ముందు నగరపాలక సంస్థకు తెలియజేసి, చెత్తను వేరుచేసి అప్పగించాలన్నది 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలలో ఉండేది. 2026లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి కనుక ఇప్పటి పద్ధతిని నగరపాలక సంస్థను ముందే అడగండి.

చిన్న నీళ్ళ సీసాలకు బదులు స్టీలు గ్లాసులు పెట్టండి. పొదుపు సంఘాలు అయిదారు వందల గ్లాసులు, కంచాలు కొని అద్దెకిస్తే ఊరికి ప్లాస్టిక్ తగ్గుతుంది, సంఘానికి ఆదాయం వస్తుంది. ఆమదాలవలస వార్డు సభ్యురాలు కూడా దీనిని ఆలోచించవచ్చు. చిక్కు ఒక్కటే, ముహూర్తాలు అయిదూళ్ళకూ ఒకే రోజున వస్తాయి కనుక ఒక్క సెట్టు సరిపోదు.