ముందు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టు

అమ్మలూ,

లోహ క్లస్టర్ల మీద, అంటే కొన్ని లోహ పరమాణువులు కూడిన చిన్న గుంపుల మీద, నీ సెమినార్ స్లైడ్లు చూశాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ టాపిక్ తీసుకునే పిల్లలు తక్కువ, అందుకు సంతోషం. కానీ రెండో స్లైడ్‌లోనే దొరికిపోతావు. "8, 20, 40 పరమాణువుల క్లస్టర్లు స్థిరం" అని రాసేశావు. ఏ లోహం? ఆవేశం ఎంత?

అవి 1984లో బెర్క్‌లీలో నైట్ బృందానికి సోడియంలో కనిపించిన అంకెలు. నిజానికి అది ఎలక్ట్రాన్ల లెక్క: అన్ని ఎలక్ట్రాన్లుంటే క్లస్టర్ కర్పరం (షెల్) నిండి స్థిరపడుతుంది. సోడియం పరమాణువుకు ఒకటే వేలెన్స్ (బయటి) ఎలక్ట్రాన్ కాబట్టి పరమాణువుల లెక్క, ఎలక్ట్రాన్ల లెక్క కలిశాయి. ఒక ఎలక్ట్రాన్ తీసేస్తే 8 ఎలక్ట్రాన్లకు 9 పరమాణువులు కావాలి, 20కి 21. అల్యూమినియం మూడేసి ఇస్తుంది. 13 పరమాణువులకు 39. ఇంకొక్కటి చేరితే 40, కర్పరం నిండుతుంది. అందుకే ఆ 13 పరమాణువుల ఋణ అయాన్‌ను ఆక్సిజన్ కూడా అంత తేలిగ్గా కదపలేదు. నాకు ఈ ఉదాహరణంటే మహా ఇష్టం, తప్పకుండా పెట్టు.

ఇక అసలు చిక్కు. మాస్ స్పెక్ట్రమ్‌లో (ఏ బరువు క్లస్టర్లు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫ్‌లో) పెద్ద శిఖరం కనబడగానే సంబరపడకు. క్లస్టర్‌ను అయాన్‌గా మార్చే కాంతికి, ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావలసిన దానికన్నా బాగా ఎక్కువ శక్తి ఉంటే క్లస్టర్ వేడెక్కి పరమాణువులను వదిలేస్తుంది. అప్పుడు నువ్వు చూసేది అయాన్ల స్థిరత్వం, తటస్థ క్లస్టర్లది కాదు. శిఖరం 20 దగ్గరుందా (తటస్థం), 21 దగ్గరుందా (అయాన్) అన్నదే చాలాసార్లు గుట్టు విప్పేస్తుంది.

అయనీకరణ శక్తికి, అంటే ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావలసిన శక్తికి, గ్రాఫ్ గియ్యి. సోడియం పరమాణువుకు 5.14 ఎలక్ట్రాన్ వోల్టులు, ముద్ద లోహానికి సుమారు 2.75. క్లస్టర్ పెరిగేకొద్దీ మొత్తం మీద తగ్గుతుంది, కానీ నున్నగా కాదు. 8 దాటగానే, 20 దాటగానే గబుక్కున పడుతుంది. ఆ పడిపోవడాన్నే వేలు పెట్టి చూపించు.

రెండు ధనావేశాలున్న క్లస్టర్ల సంగతి క్లుప్తంగా చాలు. ఆవేశాల వికర్షణ ఒకవైపు, ముక్కలను పట్టి ఉంచే బలం ఒకవైపు. ద్రవ బిందువులకు భౌతిక శాస్త్రవేత్త రేలీ 1882లోనే ఈ లెక్క వేశాడు. సోడియం అయితే రెండు ఆవేశాలను మోయడానికి సుమారు 27 పరమాణువులు కావాలి, అంతకన్నా చిన్నవి విడిపోతాయి.

గ్రాఫ్ గీశాక ఆదివారం ఇంటికే రా. బీచ్ రోడ్‌లో కలుద్దాం అనకు, ఆ గాలికి కాగితాలు నిలవవు.

మీ పెదనాన్న