ట్రయల్‌లో తేలిన 120, మా నాన్నగారికీ వర్తిస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. షుగర్ ఉంది, నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కోలుకున్నారు. మందులతో బీపీ పై అంకె 138 దగ్గర ఉంటోంది. మంచం మీంచి లేవగానే ఒక్కోసారి కళ్లు తిరుగుతున్నాయంటారు. 120 లోపు ఉంచితే గుండెపోటు లాంటివి 25 శాతం తగ్గుతాయని స్ప్రింట్ అనే ట్రయల్‌లో తేలిందని చదివాను. మా డాక్టర్‌గారు మాత్రం డోసు పెంచడం లేదు. పెంచమని అడగాలా?

జవాబు: అడగండి, కానీ డోసు గురించి కాదు. లేచి నిలబడ్డాక ఆయన బీపీ ఎంత ఉంటోందో ముందు చూడమనండి.

మీరు చదివింది నిజమే. 2015లో వచ్చిన ఆ ట్రయల్‌లో 9,361 మంది ఉన్నారు. అయితే షుగర్ ఉన్నవాళ్లని, అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లని, నిలబడ్డ నిమిషానికి పై అంకె 110 కంటే తక్కువ ఉన్నవాళ్లని అందులోకి తీసుకోలేదు. మీ నాన్నగారు వెళ్లి పేరిచ్చినా గుమ్మంలోనే ఆపేసేవాళ్లన్నమాట. వయసు మాత్రం అడ్డు కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు, అందులో నాలుగోవంతుకు పైగా 75 దాటినవాళ్లే, వాళ్లకీ మేలు జరిగింది.

ఆ 25 శాతాన్ని కూడా కాస్త విప్పి చూడాలి. ఒక గ్రూపుకి బీపీ పై అంకె 120 లోపు, మామూలు గ్రూపుకి 140 లోపు ఉండేలా మందులిచ్చారు, ఒక్కో గ్రూపులో సుమారు 4,680 మంది. మూడేళ్లకు పైగా గమనిస్తే మామూలు గ్రూపులో 319 మందికి, 120 గ్రూపులో 243 మందికి గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి. అంటే వందలో ఏడుగురికి వచ్చేది ఐదుగురికి వచ్చింది. పైగా అక్కడ ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మిషన్‌తో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. ఓపీలో హడావుడిగా కొలిచిన మీ 138 ఆ పద్ధతిలో ఇంకా తక్కువే రావచ్చు.

ఇలా మనుషుల్ని ఏరుకోవడం మోసమేం కాదు, మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే మిగతా చిక్కులు తక్కువున్నవాళ్లు కావాలి. ఇబ్బంది ఆ ఫలితాన్ని అందరికీ అంటగట్టినప్పుడు వస్తుంది. 1999లో రేల్స్ ట్రయల్‌లో స్పైరోనొలాక్టోన్ అనే మాత్రతో తీవ్రమైన హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లని అందులోకి తీసుకోలేదు, ఈ మాత్రతో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు కాబట్టి తీసుకున్నవాళ్లకి పొటాషియం పరీక్షలు పద్ధతిగా చేశారు. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో ఇంకా పెద్ద వయసువాళ్లకి ఈ మాత్ర విరివిగా రాశారు. పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరడం 1994లో వెయ్యిమందికి 2.4 ఉన్నది 2001కి 11 అయింది. మందులో లోపమేమీ లేదు, ట్రయల్‌లో ఉన్నలాంటివాళ్లు కానివాళ్లకీ రాసేయడంతోనే చిక్కు వచ్చింది.

అలాగని స్ప్రింట్ మీకు పనికిరాదని తోసేయను. 2010లో షుగర్ ఉన్న 4,733 మందితో చేసిన అకార్డ్‌లో 120కి తగ్గించినా మొత్తం మీద స్పష్టమైన లాభం కనిపించలేదు, పక్షవాతాలు మాత్రం తగ్గాయి. 2024లో చైనా నుంచి వచ్చిన ఎస్ప్రిట్‌లో షుగర్ ఉన్నవాళ్లూ, పక్షవాతం వచ్చినవాళ్లూ ఇద్దరూ ఉన్నారు, 11,255 మందిలో 12 శాతం లాభం కనిపించింది. మీ నాన్నగారికి దగ్గరగా ఉన్నది ఇదే, వార్తల్లో ఎక్కువగా తిరిగే 25 శాతం కాదు. అయితే ఇందులో స్పృహ తప్పి పడిపోవడం 120 గ్రూపులోనే ఎక్కువ, ఆయనకేమో ఇప్పటికే కళ్లు తిరుగుతున్నాయి. మీ డాక్టర్‌గారు తటపటాయిస్తున్నది బహుశా దీనికే, నేనైనా అదే చేస్తాను.

ఒక వారం పాటు ఇంట్లో ఉదయం, సాయంత్రం కూర్చోబెట్టి ఐదు నిమిషాలాగి బీపీ చూడండి. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూసి రాసుకోండి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే ముందు దాని సంగతి తేల్చాలి. ప్రోస్టేట్ మాత్రల వల్ల, నీరు తీసే మాత్రల వల్ల కూడా అలా అవుతుంది కాబట్టి ఆయన వేసుకునేవన్నీ పట్టుకెళ్లి చూపించండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, దాంతోపాటు పొటాషియం ఈమధ్య చూడకపోతే చూడమనండి. అంకెలు అంతగా పడకపోతే, 130 లోపుకి నెమ్మదిగా తీసుకెళ్లడం గురించి అప్పుడు మాట్లాడొచ్చు. ఈలోపు డోసు మీరే పెంచడం, తగ్గించడం చేయకండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, స్పృహ తప్పినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.