కొండ దిగడం నేర్చుకో అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. రోడ్డు మీద హాఫ్ మారథాన్లు బోర్ కొట్టి 50 కిలోమీటర్ల కొండ రేసుకి పేరిచ్చేశావు. ఇప్పుడు ఏ షూస్ కొనాలని అడుగుతున్నావు. షూస్ సంగతి చెప్తాలే గానీ, ముందు నువ్వు పంపిన ఆరు నెలల ప్లాన్ గురించి మాట్లాడుకోవాలి. వారానికి ఎన్ని కిలోమీటర్లో రాశావు, ఎంత వేగమో రాశావు, ఆదివారం ఆదివారం కొండెక్కుతానని కూడా రాశావు. దిగడం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రోడ్డు నుంచి కొండకి వచ్చినవాళ్ళు ఎక్కేటప్పుడు రొప్పుతారు, ఆయాసపడతారు, అయినా ఎక్కేస్తారు. కూలబడేది దిగేటప్పుడే. అందుకే ఈ ఉత్తరంలో దిగుడు గురించే ఎక్కువ రాస్తాను, విసుక్కోకు.

ముందు నీ లెక్క మార్చుకో. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు కొండ నడకకి ఒక లెక్క కట్టాడు. దాన్ని మన కొలతల్లోకి తెస్తే, సుమారుగా ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. కొండల్లో తిరిగేవాళ్ళు ఇవాళ్టికీ దాంతోనే అంచనా వేసుకుంటారు. నీ రేసు 50 కిలోమీటర్లు, ఎక్కుళ్ళన్నీ కలిపి 2,400 మీటర్లు. దూరానికి 10 గంటలు, ఎత్తుకి 4 గంటలు, మొత్తం 14. అది నడిచేవాళ్ళ లెక్క. నువ్వు పరిగెడతావు కాబట్టి అంత పట్టదు. కానీ నువ్వు రాసుకున్న ఐదున్నర గంటలు మాత్రం ఇవాళే కొట్టెయ్. ఇకనుంచి డైరీలో కిలోమీటర్లు పక్కన పెట్టి రెండు అంకెలు రాయి: ఎన్ని గంటలు కాళ్ళ మీద ఉన్నావు, ఎన్ని మీటర్లు ఎక్కి దిగావు. ఒకే వారంలో రెండూ పెంచకు. గంటలు పెంచిన వారం ఎత్తు అలాగే ఉంచు. మూడు వారాలు పెంచాక నాలుగో వారం బాగా తగ్గించు. ఒంట్లో బలం చేరేది ఆ తగ్గించిన వారంలోనే. కుర్రాళ్ళు సరిగ్గా ఆ వారమే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయని ఉరుకుతారు!

వారంలో ఎక్కువ పరుగు మాట్లాడుతూ చేసే వేగంలోనే ఉండాలి. పూర్తి వాక్యం ఆపకుండా చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగావంటే వేగం ఎక్కువైనట్టే. ఆ నిదానపు పరుగులోనే కండరాల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వుని కాల్చుకునే శక్తి వస్తుంది. గంటల తరబడి సాగే రేసులో నీకు అక్కరకొచ్చేది అదే. వారానికి ఒక్కరోజు గట్టిగా కొండెక్కు, చాలు. బాగా నిట్టనిలువుగా ఉన్నచోట నడువు, సిగ్గుపడకు. అలాంటి చోట పరుగు కంటే వడి నడకే తక్కువ శక్తి తింటుంది, గెలిచేవాళ్ళు కూడా అక్కడ నడుస్తారు. చేతులు తొడల మీద, మోకాలికి కాస్త పైన ఆనించి ప్రతి అడుగుకీ కిందికి నొక్కుతూ నడువు. ఆ నడకని కూడా ప్రాక్టీస్ చెయ్యాలి. రోడ్డు పరుగుకే అలవాటుపడి ఈ నడక తెలియని పిక్కలు మొదటి పెద్ద ఎక్కుడుకే పట్టేస్తాయి.

ఇక దిగుడు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ పని చేస్తుంది. నిండు బిందెని తాడుతో బావిలోకి మెల్లగా దించడం గుర్తు తెచ్చుకో. చేతులు తాడుని వదులుతూనే బిగించి పట్టుకుంటాయి. ప్రతి అడుగులోనూ నీ తొడలు చేసే పని అదే, వేల సార్లు. ఊపిరి మీద భారం తక్కువ కాబట్టి హాయిగా ఉన్నట్టే ఉంటుంది. లోపల మాత్రం కండరపు నారలు చిన్నగా చిట్లుతూ ఉంటాయి. ఆ నొప్పి మర్నాడో మూడో రోజో బయటపడుతుంది. రేసులో అయితే మూడో దిగుడు వచ్చేసరికి మోకాళ్ళు ఆపలేక వణకడం మొదలుపెడతాయి. అప్పటికి నీ గుండె, ఊపిరితిత్తులు ఎంత గట్టివైనా లాభం లేదు.

ఇందులో మంచి వార్త ఏమిటంటే, కండరం దీన్ని చాలా త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగి నొప్పి పడిందంటే, కొన్ని వారాల దాకా అదే దిగుడు అంత దెబ్బ తియ్యదు. కాబట్టి రెండు వారాలకి ఒకసారైనా ఒక పొడుగాటి దిగుడుని పరిగెడుతూ దిగు. మొదట్లో పది నిమిషాలు చాలు, తర్వాత పెంచుకో. ఆఖరి గట్టి దిగుడు రేసుకి రెండు వారాల ముందు అయిపోవాలి, ఆ తర్వాత వద్దు.

దిగే తీరు ఇదీ. అడుగులు చిన్నవి, వడివి. పాదం నీ ముందు ఎక్కడో దూరంగా కాకుండా ఒంటి కిందే పడాలి. భయమేసినప్పుడు మనిషి వెనక్కి వాలతాడు. అప్పుడు మడమ ముందుకు పోయి, జారి, చతికిలబడతాడు. కాబట్టి నడుము కాస్త ముందుకే ఉంచు, మోకాలు ఎప్పుడూ వంగే ఉండాలి. చూపు కాళ్ళ దగ్గర కాదు, మూడు నాలుగు మీటర్ల ముందు ఉండాలి. ఇప్పుడు వేస్తున్న అడుగు చోటుని కళ్ళు ఎప్పుడో చూసేశాయి, దాన్ని వదిలెయ్. చేతులు విడిగా, మోచేతులు బయటికి. చూసేవాళ్ళు నవ్వినా ఫర్వాలేదు, బ్యాలెన్స్ దొరుకుతుంది. ఎదురుగా ఎవరైనా ఎక్కుతూ వస్తుంటే నువ్వే ఆగి దారి ఇవ్వు.

రోజూ కొండ దొరకదు కదా అని అంటావు. మెట్టు దొరుకుతుంది. అంచు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ కింది నేలని తాకేదాకా మూడు నాలుగు సెకన్లు తీసుకుని దిగు, మళ్ళీ పైకి లే. మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకో. కాలికి పదేసి చొప్పున మూడు విడతలు, వారానికి రెండు రోజులు. మొదటివారం మెట్లు దిగేటప్పుడు నన్ను తిట్టుకుంటావు, తిట్టుకో. దాంతోపాటు పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు. అలవాటయ్యాక కళ్ళు మూసుకో. చీలమండ మెలికపడినప్పుడు నిన్ను కాపాడేది ఆ చిన్న కండరాలే. ట్రెడ్‌మిల్ వాలు పెంచి ఎక్కడం మంచిదే, కానీ అది దిగడం నేర్పదు.

తిండి గురించి ఎక్కువ రాయను, నీకు చాలావరకు తెలుసు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తిను. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ (రెండూ చక్కెరలే) కలిసిన జెల్స్, డ్రింకులు అలవాటైతే 90 దాకా పోవచ్చు. మొదటి అరగంటలోనే మొదలుపెట్టు, ఆకలి వేసేదాకా ఆగకు. కడుపుని కూడా లాంగ్ రన్లలోనే అలవాటు చెయ్యాలి. రేసు రోజున కొత్తది ఏదీ నోట్లో పెట్టకు. నీళ్ళు దాహం వేస్తే తాగు. భయంతో లీటర్లకి లీటర్లు పట్టించకు. అలా తాగితే రక్తంలో సోడియం పల్చబడుతుంది. వేళ్ళు ఉబ్బడం, వాంతి వచ్చినట్టుండడం, తలనొప్పి, తికమక ఉంటే ఇంకా నీళ్ళు పొయ్యకుండా వైద్యసిబ్బంది దగ్గరికి వెళ్ళు. రేసు మధ్యలో ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అస్సలు వద్దు, కిడ్నీల మీద పడుతుంది. దీని మీద నాతో వాదించకు.

ఇప్పుడు నీ షూస్. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నువ్వు పరిగెత్తే సాక్సులతోనే వెళ్ళి తొడిగి చూడు. ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. వాలు బల్ల ఏదైనా ఉంటే దాని మీద నిలబడి కిందికి అడుగులు వెయ్యి. వేళ్ళు ముందు తగిలితే ఆ జత వద్దు, ఎంత బాగున్నా సరే. అడుగున ఉండే పళ్ళు బురద నేలకి 5, 6 మిల్లీమీటర్లు కావాలి. ఎండిన గట్టి నేలకీ రాళ్ళకీ 3, 4 చాలు. తడిబండ మీద మాత్రం పళ్ళ లోతు కంటే రబ్బరు రకమే ముఖ్యం. పళ్ళు ఎంత పొడుగైనా గట్టి రబ్బరైతే జర్రున జారుతుంది. కొత్త జతని రెండు మూడు లాంగ్ రన్లు చేశాకే రేసుకి వాడు.

లేసులు కట్టడం కూడా చెప్తాను. షూ పైన చివర్లో ఒక అదనపు రంధ్రం ఉంటుంది చూడు, ఎవరూ వాడరు. లేసుని అదే వైపు ఉన్న ఆ రంధ్రంలోకి బయటినుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదులు. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి తీసి, పక్కలకి కాకుండా కిందికి లాగి ముడెయ్. మడమ షూలో కదలకుండా కూర్చుంటుంది. మడమ కదలకపోతే దిగేటప్పుడు వేళ్ళు ముందుకు కొట్టుకోవు, గోళ్ళు నల్లబడవు. గోళ్ళు రేసుకి రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకో. కాటన్ సాక్సులు చెమటా నీళ్ళూ పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, బొబ్బలు ఖాయం. షూలో ఇసుక రేణువు గుచ్చుకుంటుంటే ఆగి దులుపుకో. ఒక నిమిషం పోతుందని లోభిస్తే తర్వాత గంట పోతుంది.

మిగతా సరంజామా నువ్వు పరిగెత్తేటప్పుడు దాదాపు అక్కర్లేదు. అదంతా నువ్వు ఆగిపోయినప్పటికి. పరిగెడుతున్న ఒళ్ళు కుంపటే గానీ, కాలు మెలికపడి కూర్చున్నావంటే చెమట తడి ఒంటి వేడినంతా లాగేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీల చలి పెరుగుతుంది, గాలి కొడితే ఇంకా ఎక్కువ. చైనాలోని గాన్సు రాష్ట్రంలో 2021 మే 22న జరిగిన 100 కిలోమీటర్ల కొండ రేసు నీకు తెలియాలి. బయల్దేరినవాళ్ళు 172 మంది. చాలామంది నిక్కర్లు, పల్చటి చొక్కాల్లోనే ఉన్నారు. రన్నర్లు తప్పనిసరిగా వెంట తేవాల్సిన సామాన్ల జాబితాలో గాలిని ఆపే జాకెట్ లేదు. మధ్యాహ్నం ఎత్తుమీద వడగళ్ళు, మంచు కలిసిన వాన, పెనుగాలి. 21 మంది చనిపోయారు. వాళ్ళలో దేశంలోకెల్లా మేటి రన్నర్లు కూడా ఉన్నారు. దగ్గర్లో గొర్రెలు కాచుకునే ఒకాయన కొందరిని తను తలదాచుకున్న గుహలోకి చేర్చి, మంట వేసి ఆరుగురిని బతికించాడు. అంతటి ఫిట్‌నెస్ ఉన్నవాళ్ళని ఒక జాకెట్ లేకపోవడం ఏం చేసిందో చూడు.

కాబట్టి టోపీ ఉన్న, కుట్ల మీద లోపల టేపు వేసిన వాటర్‌ప్రూఫ్ జాకెట్ తీసుకో. జాబితాలో ఉన్నా లేకపోయినా, ఆకాశం నీలంగా ఉన్నా, సంచిలో ఉండాలి. వణుకు మొదలవకముందే, గాలి పెరగగానే వేసుకో. వేళ్ళు కొయ్యబారాక జిప్పు కూడా పట్టుకోలేవు. మెరిసే రేకు దుప్పటి అరచేతిలో ఇమిడిపోతుంది. దాన్ని జాకెట్ పైన కాదు, లోపల చుట్టుకోవాలి, లేకపోతే గాలికి చిరిగి ఎగిరిపోతుంది. విజిల్ నీ వెస్ట్ (చొక్కాలా తొడుక్కునే పరుగు సంచి) పట్టీకే ఉంటుంది. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి మళ్ళీ ఊదు. నిమిషానికి మూడుసార్లు జవాబు వినిపిస్తే నీ కూత ఎవరికో అందినట్టు.

హెడ్‌ల్యాంప్ రెండు తీసుకో. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, స్పేర్‌ది ఒంటికి ఆనే జేబులో ఉంచు. పొగమంచులో నుదుటి మీది లైటు తిరిగి కళ్ళలోకే కొడుతుంది, ముందు తెల్లగా తప్ప ఏమీ కనబడదు. అప్పుడు దాన్ని తీసి నడుము దగ్గర పట్టుకుంటే రాళ్ళ నీడలు తేలి దారి కనబడుతుంది. వెస్ట్‌లో నీళ్ళ సంచి పెడితే నింపాక తలకిందులు చేసి గొట్టంలోంచి గాలి పీల్చెయ్, లేకపోతే రేసంతా వీపు మీద నీళ్ళు గుటగుటలాడుతూ పిచ్చెక్కిస్తాయి. పోల్స్, అంటే రెండు చేతికర్రలు, ఎక్కుడులో తొడలకి సాయం చేస్తాయి. నిలబడి పట్టుకుంటే మోచెయ్యి 90 డిగ్రీలు వంగాలి, అదే నీ పొడుగు. కానీ రెండు నెలలు వాటితో తిరగకుండా రేసుకి తేకు. రాళ్ళ దిగుడులో రెండూ ఒక చేత్తో పట్టుకో. వాచీ చూపించే ఎత్తుని మరీ నమ్మకు, ఒక్కోసారి వంద మీటర్లు కూడా తేడా చెప్తుంది.

సరే. నీ ప్లాన్‌లో మంగళవారం ట్రాక్ మీద స్పీడ్ అని ఉంది, దాన్ని తీసేసి మెట్ల కసరత్తు పెట్టు. రెండు వారాలకొకసారి ఆదివారం దిగుడు అని పెద్ద అక్షరాలతో రాయి. చివరి రెండు వారాలు గంటలు సగానికి తెచ్చెయ్. మార్చిన ప్లాన్, ఈ నెలలో ఎన్ని మీటర్లు దిగావో ఆ లెక్క, రెండూ నాకు పంపు. ఎక్కిన లెక్క పంపకపోయినా ఫర్వాలేదు.

మీ అత్త