నామినేషన్ వేసే ముందు మా మేనకోడలికి

పాపా,

నువ్వు సర్పంచికి నిలబడతావంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బెంగుళూరు ఉద్యోగం మానుకుని మరీనా అని ముందు కోపం వచ్చింది. కాసేపటికి పక్కింటావిడను పిలిచి మా మేనకోడలు సర్పంచికి నిలబడుతోందని చెప్పుకున్నాను. రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నాయకుల మీద నీ కోపం న్యాయమే. ఇల్లూరు నుంచి పోయిన సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినాడు. హిందూపురంలో గెలిచిన ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయినాడు, అప్పుడది మన అనంతపురం జిల్లానే. 1973లో భూసంస్కరణల చట్టం వస్తే, పెద్దోళ్ల భూములు జీతగాళ్ల పేర్ల మీదికి మారాయి కానీ వాళ్ల చేతికి రాలేదు. ఏ జెండా గెలిచినా, వానల్లేని ఏడాది మూటలు కట్టుకుని బెంగుళూరు బస్సెక్కేది మనోళ్లే. కొంత నయం అనిపించింది ఉపాధి హామీ ఒకటే. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ మన బండ్లపల్లికొచ్చి మొదలుపెట్టాడు. తర్వాత సామాజిక తనిఖీల్లో ఎవరి పేరు మీద ఎంత రాశారో ఊరందరి ముందు చదివేవాళ్లు. అట్లా చదివితే తినేవాడికి కాస్తన్నా భయం వుంటుంది.

ఓటరు లిస్టులో పేరు, కులం సర్టిఫికెట్, ఇంటిపన్ను రశీదు చూసుకో. నిన్ను ప్రతిపాదించేవాడు ఆ పూట తాగకుండా వచ్చేవాడై వుండాలి.

ఖర్చులకు అప్పు చేయొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి గెలిచినావనుకో, ఆ ఐదేళ్లూ అప్పు తీర్చడానికే సర్పంచివి. "నువ్వు నిలబడమ్మా చాలు, ఖర్చు మేం చూసుకుంటాం" అని వచ్చే కాంట్రాక్టరుతో ఇంకా జాగ్రత్త.

ఇక మీ నాయన సంగతి. నీకు ఎవరూ చెప్పి వుండరు. 2001లో వాడు సర్పంచికి నామినేషన్ వేశాడు. కాలనీ మొత్తం వాడి వైపే. నేను అప్పటికి వార్డు మెంబరుగా చేసి దిగినదాన్ని, ఓట్లు లెక్కేయడం నాకు తెలుసు, గెలిచేవాడు. విత్‌డ్రా గడువుకు ముందురోజు రాత్రి పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చోబెట్టారు. ఏకగ్రీవమైతే ప్రభుత్వం డబ్బులిస్తుందన్నారు, అవతలి ఆసామి గుడికి మండపం కట్టిస్తాడన్నారు, ఊరు రెండుగా చీలితే నీకేం మంచిపేరన్నారు. ఆ మంచిపేరు దగ్గర పడిపోయాడు మీ నాయన. పొద్దున్నే పోయి సంతకం పెట్టొచ్చాడు. పూలదండ కూడా వేశారు.

మండపానికి నాలుగు స్తంభాలు లేచి ఆగిపోయాయి. గ్రామసభ జరిగితే ఒట్టు. అటెండరు రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. మీ ఇంట్లో నులకమంచం మీద దాన్ని తెరవడం నేను చూశాను. పైన తేదీ, అడుగున సంతకాలు, మధ్యలో తెల్లకాగితం. "ఏంరా ఇది?" అంటే "ఏదో రాసుకుంటార్లే అక్కా" అని మీ నాయన పెన్ను తీసుకున్నాడు. వాళ్లు నిజంగానే రాసుకున్నారు. వంక పక్కన గొర్లు మేసే బీడు ఊరికి అవసరం లేదని తీర్మానం. ఆ భూమి చుట్టూ కంచె పడ్డాక, కాపీ తీయిస్తే మీ నాయన పేరు మూడో వరసలో వుంది. కాలనీలో చాలామంది గొర్లు అమ్ముకున్నారు. అంతకుముందు వాళ్ల చేతిలో వున్న ఆస్తి అదొకటే. సంపద పైకి ఎట్లా పోతుందని నువ్వు అడుగుతుంటావు కదా, మన ఊళ్లో ఇట్లా పోయింది.

మీ నాయన చెడ్డవాడు కాదే తల్లీ. నలుగురు కలిసి మంచివాడివంటే కాదనలేడు, అంతే. నువ్వు గెలిస్తే తీర్మానం ముందు రాయించు, గట్టిగా చదివించు, తర్వాతే సంతకాలు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 గ్రామసభలు కాలనీలో పెట్టు, గుడి దగ్గర కాదు. గుడి దగ్గరైతే మనోళ్లు దూరంగా నిలబడతారు, నోరు తెరవరు.

వేళకు తిను. చీకటి పడ్డాక ప్రచారానికి ఒక్కదానివే పోవద్దు. నాకు ఎదురు చెప్పొద్దు.

ఇంకొకటి. ఈసారి పెద్దమనుషులు నీ దగ్గరకు రారు, మీ నాయన దగ్గరకు పోతారు. నామినేషన్ వేసిన రోజే వాడిని ధర్మవరం బస్సెక్కించు. అక్క మోకాళ్ల డాక్టరుకు చూపిస్తుందంట అని చెప్పు. గడువు దాటేదాకా నా దగ్గరే వుంచుకుంటాను, ఫోన్ కూడా నా దగ్గరే వుంటుంది.

మీ అత్త